హృదయాన్ని చీల్చి చూసినదెవరు?

కాజీపేట నుంచి విజయవాడ వైపు సాగే రైలుమార్గంలో, నేటి మహబూబాబాద్ జిల్లాలో, డోర్నకల్ జంక్షన్ ఉంది. ఇల్లందు, కొత్తగూడెం బొగ్గు గనుల వైపు చీలిపోయే మార్గం ఇక్కడి నుంచే బయలుదేరుతుంది. ఈ ఊళ్లో 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన ఒక పెద్ద చర్చి ఉంది. దాని గుమ్మటాలను, మీనార్లను పోలిన శిఖరాలను దూరం నుంచి చూసిన ముసాఫిర్ అది మసీదని భ్రమపడితే తప్పుపట్టలేము. దగ్గరికి వచ్చి స్తంభాలను చూస్తే కోవెల మండపం గుర్తుకు వస్తుంది. క్రైస్తవం ఈ నేలమీద పరాయిదిగా కనిపించరాదన్న ఉద్దేశంతో దానిని ఆ విధంగా కట్టించినవారు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

అజరయ్య తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. 1874లో జన్మించారు. తిరునల్వేలి క్రైస్తవులు తమ సొంత చందాలతో 1903లో స్థాపించుకున్న మిషనరీ సంఘం తరఫున 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్ చేరి, తెలుగు నేర్చుకుని ఇక్కడివారి మధ్య స్థిరపడ్డారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న మరణించేనాటికి ఆయన పాలనలోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వారిలో అత్యధికులు మాల, మాదిగ పల్లెలవారు. వారు ఒంటరిగా గాక కుటుంబాలుగా, వాడలకు వాడలుగా వచ్చారు.

ఈ రాకనుబట్టే పెద్ద వివాదం చెలరేగింది. ఇస్లామీయ పత్రికలో ఒక క్రైస్తవ బిషప్ ప్రస్తావన ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. ఆ వివాదంలోని అసలు ప్రశ్న ఏ ఒక్క మతానికీ చెందినది కాదు. ముఖం చూడని, మాట్లాడి ఎరుగని వేలాదిమంది మనసులో ఏముందో, వారి పైపనులను మాత్రమే చూసి నిర్ణయించే అధికారం ఎవరికి ఉంది? ఈనాడు ఇదే ప్రశ్న ప్రతి ఇంటిలోనూ సెల్‌ఫోన్ రూపంలో వచ్చి కూర్చుంది. ఎవరో అపరిచితుడు ఫేస్‌బుక్‌లో రాసిన నాలుగు వాక్యాలు, అర్ధరాత్రి మార్చిన ఒక వాట్సాప్ స్టేటస్, కోపంతో ఇచ్చిన ఒక జవాబు చూసి, ‘ఇతనికి మతి స్థిమితం లేదు’, ‘ఈమెది డిప్రెషన్’, ‘వీడు వట్టి ఆత్మస్తుతిపరుడు, దానికి వైద్యశాస్త్రంలో ఫలానా పేరుంది’ అని తీర్పు చెప్పేవారికి కొదవ లేదు. వైద్యుడు రోగిని ఎదుట కూర్చోబెట్టుకుని ఎంతో సేపు ప్రశ్నించి గాని పలకని పేర్లను వీరు రైలుపెట్టెలో కూర్చుని పలుకుతున్నారు.

డోర్నకల్ వివాదం ముదిరినది 1935 తర్వాత. ఆ ఏడాది అక్టోబరు 13న యేవలాలో డాక్టర్ అంబేడ్కర్ తాను హిందువుగా మరణించబోనని ప్రకటించారు. దానితో అణగారిన కులాల వారు ఏ మతంలోకి పోతారోనన్న ఆతురత అన్ని వర్గాలలోనూ పెరిగింది. డోర్నకల్ ప్రాంతంలో క్రైస్తవులైన మాల మాదిగల నడవడి బాగుపడిందనీ, దానిని కళ్లారా చూసి సవర్ణ కులాలవారు సైతం కొందరు చర్చిలోకి వస్తున్నారనీ అజరయ్య వర్గం చెప్పింది. గాంధీజీ దీనిని నమ్మలేదు. ఈ సామూహిక మతాంతరాల వెనుక ఆత్మజ్ఞానం లేదనీ, ఐహిక లాభాల ఆశ ఉందనీ ఆయన అభిప్రాయం. 1936 నవంబరులో అమెరికన్ క్రైస్తవ ప్రముఖుడు జాన్ మాట్‌తో జరిగిన సంభాషణలో, మతాల తారతమ్యాన్ని గ్రహించే శక్తి విషయంలో హరిజనులను ఆవుతో పోల్చి మాట్లాడారు. ఆ మాట ‘హరిజన్’ పత్రికలో అచ్చయి పెద్ద దుమారం రేపింది. తన ఉద్దేశం అవమానించడం కాదని ఆయన తర్వాత వివరించుకున్నారు. ఆయన ప్రేమను శంకించవలసిన పని లేదు. కాని ఎవరి కోసం ఆయన ఉపవాసాలు చేశారో వారి బుద్ధిని గురించి వారిని అడగకుండానే నిర్ణయించారన్నది చరిత్ర.

మిషనరీల పక్షం కూడా ఈ దోషానికి అతీతం కాదు. వారి నివేదికలలో పల్లెవాసి శుభ్రమైన బట్ట కట్టితే, కల్లు మానితే, చచ్చిన గొడ్డు మాంసం ముట్టకపోతే అతని ఆత్మ వెలిగిందని రాసేవారు. పైచూపు అటు నిందకూ పనికివచ్చింది, ఇటు ప్రశంసకూ పనికివచ్చింది.

ఒక్క పని మాత్రం వారిలో మెచ్చదగినది జరిగింది. అజరయ్య 1929 నుంచి జాతీయ క్రైస్తవ మండలికి అధ్యక్షులు. ఆ మండలి పూనికతో మెథడిస్టు మిషనరీ వాస్కమ్ పికెట్ దేశంలోని అనేక ప్రాంతాలలో విచారణ జరిపించి 1933లో ఒక గ్రంథం వెలువరించారు. తెలుగు ప్రాంతాలు కూడా అందులో ఉన్నాయి. ‘నీవెందుకు క్రైస్తవుడవైనావు?’ అని ఆ పల్లెల వారినే అడిగారు. వచ్చిన జవాబులను నాలుగు తరగతులుగా విభజించారు: దైవచింతనతో వచ్చినవారు, లోకప్రయోజనం కోసం వచ్చినవారు, తమవారంతా వచ్చినందున వచ్చినవారు, క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టినవారు. మొదట వచ్చిన కారణాన్నిబట్టి తర్వాతి జీవితాన్ని తేల్చలేమనీ, వచ్చిన తర్వాత అందిన శిక్షణ ముఖ్యమనీ పికెట్ అభిప్రాయపడ్డారు. దొరవారు అడిగితే పల్లెవాడు ఏం చెబుతాడులే అని ఎవరైనా అనవచ్చు. ఆ ఆక్షేపణలో కొంత నిజం ఉంది. అయినా అడగడం జరిగింది.

ముస్లిం పాఠకులకు ఈ ఘట్టం చదవగానే ఉసామా బిన్ జైద్ (రజి) ఉదంతం స్ఫురించక మానదు. జుహైనా తెగలోని హురఖా వారిపైకి వెళ్లిన దండులో ఆయన ఉన్నారు. శత్రువొకడు చేజిక్కి, కత్తి పైకెత్తగానే కలిమా పలికాడు. ఉసామా (రజి) అతన్ని వధించారు. ఈ సంగతి దైవప్రవక్త (సఅసం) చెవిని పడింది. అతడు ఆయుధానికి భయపడి పలికాడే గాని మనస్ఫూర్తిగా కాదని ఉసామా (రజి) విన్నవించుకున్నారు. అయితే అతని గుండె చీల్చి చూశావా అన్న భావంతో ప్రవక్త (సఅసం) ప్రశ్నించారు. ఆ మందలింపును ఎన్నిసార్లు వినవలసి వచ్చిందంటే, తాను ఆనాడే ఇస్లాం స్వీకరించి ఉంటే ఎంత బాగుండునని ఉసామా (రజి) కుమిలిపోయారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ ఉదంతం ఉంది. లౌకికమైన అంచనా ప్రకారం చూస్తే ఉసామా అనుమానం అసంగతమైనదేమీ కాదు. కత్తి మెడమీద ఉన్నప్పుడు మారే మనిషిని ఎవరైనా శంకిస్తారు. అనుమానానికి అంత బలమైన ఆధారం ఉన్నప్పుడు కూడా తీర్పును నిరాకరించడంలోనే ఈ ఉదంతం గంభీరత ఉంది. సలాము చేసినవానితో ‘నీవు విశ్వాసివి కావు’ అని అనరాదన్న నిసా సూరా 94వ ఆయతు, అనుమానాలనూ గూఢచర్యాన్నీ పరోక్షనిందనూ కలిపి ఒకేచోట నిషేధించిన హుజురాత్ సూరా 12వ ఆయతు ఈ కోవలోనివే. ఆ మూడింటినీ ఒకే ఆయతులో చేర్చడం ఆలోచించదగినది. మొదట అనుమానం పుడుతుంది, దానిని రుజువు చేసుకోవడానికి పరుల గుట్టు వెదుకుతాడు, దొరికినది నలుగురికి చెబుతాడు. ఫోనులో ఒకరి పాత రాతలన్నీ తవ్వి తీసేవాడి పని సరిగ్గా ఈ వరుసలోనే సాగుతుంది.

మరి రాతపూర్వకమైన సాక్ష్యమే చేతికి చిక్కితే? అదీ జరిగింది. మక్కా విజయానికి ముందు, హిజ్రీ 8లో, హాతిబ్ బిన్ అబీ బల్తఆ (రజి) మక్కావారికి రహస్యంగా పంపిన ఉత్తరం పట్టుబడింది. హజ్రత్ ఉమర్ (రజి) ఆయనను కపటిగా నిర్ణయించి శిరచ్ఛేదానికి అనుమతి కోరారు. దైవప్రవక్త (సఅసం) హాతిబ్‌ను పిలిపించి, ఈ పని ఎందుకు చేశావని అడిగారు. మక్కాలో తన కుటుంబానికి రక్షణగా నిలిచే బంధువులెవరూ లేరనీ, అందుకే వారిపై ఒక ఉపకారం చేసి పెట్టుకోదలిచాననీ ఆయన చెప్పుకున్నారు. ప్రవక్త (సఅసం) ఆయన నిజమే చెప్పారని అంగీకరించారు. చేసినది నేరమే, ఉత్తరం అబద్ధం కాదు. కాని ఉత్తరాన్నిబట్టి రాసినవాని మనసును ఊహించి తేల్చడం జరగలేదు.

తబూక్ దండయాత్రనాటి సంఘటన ఇంకా దగ్గరగా వస్తుంది. ఆ యాత్రకు కఅబ్ బిన్ మాలిక్ (రజి) రాలేదు. ఆయన ఏమయ్యారని ప్రవక్త (సఅసం) అడిగినప్పుడు, బనూ సలిమాకు చెందిన ఒకరు, ఆయనను తన అందమైన బట్టలూ తన సోకూ ఆపివేశాయన్న అర్థంలో బదులిచ్చారు. ఎదుట లేని మనిషి స్వభావానికి ఒక్క వాక్యంలో రోగనిర్ణయం అయిపోయింది! వెంటనే ముఆజ్ బిన్ జబల్ (రజి) ఆ మాటను ఖండించి, ఆయనలో మంచి తప్ప తమకేమీ తెలియదని పలికారు. ప్రవక్త (సఅసం) మౌనం వహించారు. కఅబ్ (రజి) తర్వాత స్వయంగా వచ్చి తన పొరపాటును తానే ఒప్పుకున్నారు. ఆయన వెనుకబడిన మాట వాస్తవం. సోకు వల్ల వెనుకబడ్డారన్నది మాత్రం చెప్పినవాని కల్పన.

ఇంతటి వారసత్వం గల సమాజం ఆచరణలో ఎలా నడిచింది? ఇది చెప్పకపోతే డోర్నకల్ కథ ఇతరుల తప్పుల చిట్టాగా మిగిలిపోతుంది. తెలుగునాట దూదేకులవారు, నూర్‌బాషాలు అనబడే ముస్లింలు తరతరాలుగా దూది ఏకుతూ, ఇంట్లో తెలుగే మాట్లాడుతూ బతికినవారు. వారి పేర్లలో కొన్ని ఇరుగుపొరుగు హిందువుల పేర్లవలె ఉంటాయి. పీర్ల పండుగ, దర్గా మొక్కుబడులు వారి జీవితంలో కలిసిపోయాయి. 1909లో ఏడు సంపుటాలుగా దక్షిణ భారత కులాల గ్రంథం అచ్చువేసిన ఎడ్గార్ థర్‌స్టన్ వీరిని గురించీ రాశారు. ముక్కు పొడవు, తల చుట్టుకొలత కొలిచి జనాన్ని వర్గీకరించిన పెద్దమనిషి ఆయన. దొరగారి కొలబద్దను మనం నవ్వుతాము. కాని ఉర్దూ రాదనీ, పేరు అరబ్బీ కాదనీ చెప్పి దూదేకుల ఇంటికి పిల్లనివ్వడానికి వెనుకాడినవారి చేతిలో ఉన్నది ఏ కొలబద్ద? తెలుగులో ఖుర్ఆన్ అర్థం చదువుకునే ముస్లిం ఈమానును అతని ఉచ్చారణతో తూచినవారు మన పట్టణాలలో లేరా?

1930లలో నవాబ్ బహదూర్ యార్ జంగ్ (1905–1944) నిజాం రాజ్యంలో తబ్లీగు సాగించినప్పుడు దళితులు కొందరు ఇస్లాంలోకి వచ్చారు. సర్కారు ప్రాపకం కోసం వచ్చారని ఆర్యసమాజం వారు ఆరోపించారు. డోర్నకల్ క్రైస్తవునిపై పడిన నిందే ఇది. ఆ నిందను తమ విషయంలో అన్యాయమనీ, చర్చి విషయంలో న్యాయమనీ అనుకున్న ముస్లింలు కూడా లేకపోలేదు.

ఈ బాధ ఏమిటో ఇటీవల అందరికీ తెలిసివచ్చింది. 2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో జరిగిన సమావేశం తర్వాత, కరోనాను కావాలనే వ్యాపింపజేస్తున్నారని తబ్లీగీ జమాఅత్ వారిపై సామాజిక మాధ్యమాలలో పెద్ద ఎత్తున ప్రచారం జరిగింది. కరీంనగర్‌కు వచ్చిన ఇండోనేషియా వారికి వ్యాధి సోకినట్లు తేలడంతో తెలంగాణలో ఆ వేడి మరీ హెచ్చింది. వ్యాధి సోకిన మాట నిజం. జాగ్రత్త లోపించిన మాట కూడా చర్చించదగినదే. కాని దానికి దురుద్దేశాన్ని అంటగట్టినవారు ఆ మనుషులలో ఒక్కరితోనైనా మాట్లాడి ఎరుగరు. ఆ ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ జమాఅత్ వారిపై కేసులను కొట్టివేసి, వారిని బలిపశువులుగా చేశారని వ్యాఖ్యానించింది. ఢిల్లీలో విచారణను ఎదుర్కొన్న 36 మంది విదేశీయులు డిసెంబరులో నిర్దోషులుగా విడుదలయ్యారు. డెబ్భైమంది భారతీయులపై కేసులు మాత్రం 2025 జూలైలో ఢిల్లీ హైకోర్టు రద్దు చేసేదాకా వేలాడాయి.

అయితే పరుల గురించి అసలు నోరెత్తరాదని షరీఅత్ చెప్పిందా? అలా చెప్పలేదు. ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనను ఇద్దరు పెళ్లికి అడిగారని చెప్పి సలహా కోరగా, ఒకరు పేదవారనీ, మరొకరు భుజం మీది కర్ర దించనివారనీ ప్రవక్త (సఅసం) దాపరికం లేకుండా చెప్పారు. ఇక్కడ చెప్పింది తెలిసిన నడవడి. అడిగినది ఆ నడవడివల్ల జీవితం ప్రభావితం కాబోయే స్త్రీ. చెప్పవలసినంతే చెప్పడం జరిగింది. అతని మనసుకు ఏ పేరూ పెట్టలేదు. (ఆ సలహా ప్రకారం ఆమె వివాహమాడినది ఉసామా బిన్ జైద్‌నే.) ఇమామ్ గజాలీ (మ. హిజ్రీ 505) పరోక్షనిందకు మినహాయింపులను లెక్కించినప్పుడు ఫిర్యాదు, ఫత్వా, హెచ్చరిక వంటి అవసరాలకే వాటిని పరిమితం చేశారు. ఒక వ్యాపారి డబ్బు ఎగవేస్తే ‘ఇతడు ఫలానా రోజున నా డబ్బు ఎగవేశాడు’ అనవచ్చు. ‘ఇతడిది నేరస్థుని మనస్తత్వం’ అన్నది వేరే వాక్యం. దానికి సాక్ష్యం ఉండదు, ప్రతివాదికి జవాబు చెప్పే మార్గమూ ఉండదు. నేను పిచ్చివాణ్ణి కాను అని ఎంత గట్టిగా అంటే అంత పిచ్చివానిగా లెక్క!

పాశ్చాత్యులు కూడా ఒక చేదు అనుభవం తర్వాతనే ఈ విషయంలో కట్టుబాటు చేసుకున్నారు. 1964లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీచేసిన బారీ గోల్డ్‌వాటర్ మానసికంగా తగినవాడా కాడా అని ‘ఫాక్ట్’ అనే పత్రిక 12,356 మంది మానసిక వైద్యులకు ఉత్తరాలు రాసింది. 2,417 మంది జవాబిచ్చారు. వారిలో 1,189 మంది తగడని తీర్పు చెప్పారు. రకరకాల రోగాల పేర్లు కూడా పెట్టారు. వారు ఆయనను రోగిగా పరీక్షించినవారు కారు. గోల్డ్‌వాటర్ పరువు నష్టం దావా వేసి గెలిచారు. 1973లో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం, తాను పరీక్షించని, అనుమతి ఇవ్వని వ్యక్తి మానసిక స్థితిని గురించి వైద్యుడు వృత్తిపరమైన అభిప్రాయం ప్రకటించరాదని నియమం పెట్టుకుంది. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, ఒక వ్యక్తి రాజకీయ, ఆర్థిక, సామాజిక హోదాను గాని, మతాన్ని గాని ఆధారం చేసుకుని మానసిక వ్యాధిని నిర్ణయించరాదని చెబుతోంది.

వైద్యులకు పగ్గం పడింది గాని యంత్రాలకు పడలేదు. 2013లో కేంబ్రిడ్జి పరిశోధకులు సుమారు 58,000 మంది స్వచ్ఛంద ఫేస్‌బుక్ వినియోగదారులు ‘లైక్’ కొట్టినవాటిని లెక్కగట్టి, వారి స్వభావాన్నీ, మతాన్నీ, రాజకీయాభిప్రాయాన్నీ అంచనా వేయవచ్చని ప్రకటించారు. ఆ అంచనాలు గుంపు మీద వేసిన సగటు లెక్కలు. ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి ఎన్నోసార్లు తప్పుతాయి. తప్పినా ఒప్పినా అమ్మకానికి పనికివస్తాయి. కేంబ్రిడ్జి అనలిటికా సంస్థ వ్యవహారం 2018లో బయటపడినప్పుడు 8 కోట్ల 70 లక్షల మంది వరకు వివరాలు వారి అనుమతి లేకుండా చేతులు మారి ఉండవచ్చని ఫేస్‌బుక్కే ఒప్పుకున్నది.

ఎవరైనా తన స్టేటస్‌లో చావు మాటలు రాస్తే ఊరుకోవాలా అని సందేహం రావచ్చు. ఊరుకోరాదు. అతనికి ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడగాలి, ఇంటికి వెళ్లాలి, ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 చెప్పాలి. వ్యాధి పేరు డాక్టరు చెబుతారు.

పరుల మంచిచెడ్డలను పరీక్షించడమే వృత్తిగా పెట్టుకున్న శాస్త్రం ఒకటి ముస్లింలలో పుట్టింది. హదీసు ఉల్లేఖకుల విశ్వసనీయతను నిర్ణయించే జర్హ్, తఅదీల్ శాస్త్రం అది. వేలాది మనుషుల గురించి అందులో తీర్పులున్నాయి. కాని ఆ తీర్పుల పరిధి చిన్నది: ఇతడు సత్యవంతుడా, ఇతని జ్ఞాపకశక్తి నిలకడైనదేనా. ఒకే కాలంలో పోటీపడిన విద్వాంసులు ఒకరినొకరు నిందించుకుంటే ఆ నిందను తేలికగా అంగీకరించలేదు. ఇమామ్ బుఖారీ (మ. హిజ్రీ 256) కఠినంగా తిరస్కరించవలసినచోట కూడా తరచుగా ‘ఇతని విషయంలో ఆలోచించవలసి ఉంది’ వంటి మెత్తని మాటతోనే సరిపెట్టేవారు.

ఈ శాస్త్రంలో మూలస్తంభంవంటి గ్రంథాన్ని రచించిన ఇబ్నె అబీ హాతిమ్ (మ. హిజ్రీ 327) ఒకనాడు దానిని శిష్యులకు వినిపిస్తుండగా యూసుఫ్ బిన్ హుసైన్ రాజీ అక్కడికి వచ్చారు. వీరు ఎవరిని గురించి మాట్లాడుతున్నారో వారిలో ఎందరో వంద, రెండువందల ఏళ్ల కిందటే స్వర్గంలో విడిది చేసి ఉంటారేమోనన్న భావం ఆయన మాటల్లో వ్యక్తమైంది. ఇబ్నె అబీ హాతిమ్ ఏడ్చారు. గ్రంథాన్ని మాత్రం తగలబెట్టలేదు, ఎందుకంటే దాని అవసరం అటువంటిది. ఆ తొమ్మిది సంపుటాలు మొట్టమొదట వెలుగుచూసింది మన హైదరాబాద్‌లోనే. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ వారు, యెమెన్ నుంచి వచ్చిన అబ్దుర్రహ్మాన్ ముఅల్లిమీ పరిష్కరణతో, 1940లలోనూ 1950ల తొలి సంవత్సరాలలోనూ దానిని అచ్చువేశారు. డోర్నకల్ మాల మాదిగల మనసులో ఏముందన్న తగవు చల్లారి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. ముఅల్లిమీ సంవత్సరాల తరబడి ఒక్కొక్క పేరునూ వ్రాతప్రతులతో సరిచూస్తూ కూర్చున్నారు, ఒకరి దోషం పేరు పోలిక వల్ల మరొకరి మీద పడకుండా.